ఇబ్బందేం లేదు

మా ఆఫీసులో నన్ను కామా గారు అంటారు. ముఖం మీద అనరు, వెనకాల అంటారు, అదీ నాకు వినిపించేటట్టు అంటారు. నగర కార్యాలయంలో ప్రకటనల విభాగం నాది. కుళాయి నీళ్ళు రావని చెప్పాలన్నా, రోడ్డు తవ్వుతున్నామని చెప్పాలన్నా, కుక్కలకు టీకాలు వేయించమని చెప్పాలన్నా ఆ కాగితం నా బల్ల మీది నుంచి వెళ్ళాల్సిందే. ముప్పై రెండేళ్ళుగా అదే పని. భాష దగ్గర మాత్రం నాకు ముక్కు మీద కోపం. ఒక్క దీర్ఘం తప్పినా ఊరుకోను. ఈ కథలో తప్పంతా నాదే గనక ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను.

జబ్బు నగరంలోకి వచ్చిన మొదటి వారం వీధి వీధికీ మైకు బండ్లు పంపాం. అందులో చదవాల్సింది నేనే రాశాను. ‘మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలి, దుకాణాల ముందు ఎడంగా నిలబడండి’ అని. చక్కని మాట, చిన్న మాట. తీరా చూస్తే మర్నాడు కూరగాయల వీధిలో జనమంతా రోడ్డుకు ఎడమ వైపున, గోడకు అంటుకుని, భుజాలూ భుజాలూ రాసుకుంటూ నిలబడి ఉన్నారు. కుడి వైపు లారీ తిప్పుకునేంత చోటు ఖాళీ. దూరం జరగమన్న పోలీసు మీద ఒక పెద్దావిడ ఇంతెత్తున లేచిందట: “ఎడమగా నిలబడమని మైకులో చెప్పింది మీరు కాదటయ్యా? పూటకో మాట చెబితే మేమేం చావాలి?” అని.

మైకు గరగరమందే తప్ప నా మాటలో దోషం లేదని నేను వాదించాను. మా నగర ఆరోగ్య శాఖకు పెద్ద ఒక డాక్టరమ్మ. ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి, కళ్ళు తుడుచుకుని, “మైకు మీకు అచ్చిరాలేదు గానీ ఫోన్ల గదికి రండి. అక్కడ ప్రశ్నల కాగితం రాసిపెట్టే మనిషి కావాలి” అంది. శిక్షో, బదిలీయో అర్థం కాలేదు. మూతి ముడుచుకునే వెళ్ళాను.

ఫోన్ల గది అంటే మా సమావేశ మందిరమే. సభ్యుల మెత్తటి కుర్చీలన్నీ ఒక మూలకు నెట్టేసి, నలభై బల్లలు వేసి, బల్లకూ బల్లకూ మధ్య సుద్దముక్కతో గీత గీశారు. కిటికీలన్నీ తెరిచి ఉంచాలన్నది డాక్టరమ్మ ఆజ్ఞ. గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే తలా ఒక రాయి తెచ్చుకుని బరువు పెట్టుకున్నాం. మూతపడిన గ్రంథాలయాల గుమాస్తాలు, ఈతకొలను దగ్గర టికెట్లు చింపేవాళ్ళు, ఆగిపోయిన బస్సుల కండక్టర్లు, అందరూ అక్కడే. జబ్బు తగిలి ఇంట్లోనే ఒక గదిలో ఉంటున్నవాళ్ళకు రోజూ ఫోను చేసి ఎలా ఉన్నారో కనుక్కోవడం పని. ఆసుపత్రిలో మంచాలు తక్కువ. ఎవరిని తీసుకురావాలి, ఎవరు ఇంట్లో ఉంటే సరిపోతుంది అనేది ఈ ఫోన్లలో వచ్చిన జవాబుల మీదే ఆధారపడి ఉంది.

నాలుగు ప్రశ్నలు. జ్వరం ఎంతుంది, మందులు వేసుకున్నారా, సరుకులు అందాయా, నాలుగోది ఊపిరి సంగతి. అన్నిట్లోకీ ముఖ్యమైనది అదే. డాక్టరమ్మ తన గొలుసుకట్టు రాతలో ‘ఆయాసం వస్తోందా?’ అని రాసిచ్చింది. అది నాకు మరీ మోటుగా అనిపించింది. నగరం తరఫున అడుగుతున్నప్పుడు కాస్త మర్యాద ఉండొద్దూ? కొట్టేసి ‘శ్వాస తీసుకోవడంలో మీకేమైనా ఇబ్బంది ఉందా?’ అని రాశాను. రాసి, రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాను. డాక్టరమ్మకు చదివే తీరిక లేదు, సంతకం పెట్టేసింది. జవాబుకు రెండు గడులు: ఉంది, లేదు.

రెండో వారానికి ఒక కండక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళు బస్సులో అరిచి అరిచి గొంతు రాటుదేలిన మనిషి. ఒక ఫోను పెట్టేసి ఇంకో ఫోను ఎత్తే ముందు “రైట్ రైట్” అనుకోవడం ఆవిడకు అలవాటు, అందుకని గదిలో ఆవిడ పేరే రైట్‌రైట్ అయిపోయింది.

“సార్, ఈ నాలుగోది మార్చాలి” అంది సుద్దగీత అవతల నిలబడి.

“ఏం? తప్పుందా?”

“తప్పు లేదు సార్. కానీ ఎవరిని అడిగినా లేదనే అంటున్నారు.”

“లేకపోతే లేదనే అంటారు.”

“ఉన్నా లేదంటారు సార్. బస్సులో ఎవరి కాలైనా తొక్కి, ఇబ్బందేమైనా ఉందా అని అడగండి. వేలు చితికిపోయినా ‘అబ్బే, ఇబ్బందేం లేదండీ’ అంటారు. ఎవరింటికైనా వెళ్ళి ‘ఏమైనా ఇబ్బంది పెట్టామా’ అంటే అంతే, ‘అయ్యో ఇబ్బందేముంది’ అంటారు. ఆ మాటకు జవాబు మన నోట్లో ముందే కూర్చుని ఉంటది. అడగ్గానే ఊడిపడుతుంది.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. భాష గురించి నాకు కండక్టరు చెప్పడమా? “అమ్మా, నీ పని అడగడం, గడిలో టిక్కు పెట్టడం. మాటల సంగతి నాకొదిలెయ్” అన్నాను. అప్పటికే ఆవిడ రిజిస్టరు అంచుల్లో పెన్సిలుతో ఏవేవో గీకుతోందని నాకు కోపం. ‘గొంతు సన్నబడింది’, ‘మధ్యలో రెండుసార్లు ఆగాడు’, ‘ఇవాళ నవ్వలేదు’ అని. “రిజిస్టరు శుభ్రంగా ఉంచాలి” అని కూడా అన్నాను. ఆవిడ నా వైపు ఒక చూపు చూసి, చిల్లర లేదన్న ప్రయాణికుడిని వదిలేసినట్టు వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే మా అక్కకు జబ్బు తగిలింది.

మా అక్క గురించి చెప్పాలి. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటికి అక్కకు పంతొమ్మిది. అప్పట్నుంచీ నాకు అమ్మా ఆవిడే, భయమూ ఆవిడే. బడిలో డ్రిల్లు టీచరుగా చేసింది. మైదానం ఈ కొసన నిలబడి ఆ కొసన వెనక వరసలో గోళ్ళు కొరికేవాడిని పేరు పెట్టి పిలిచి చెయ్యి దింపించేది, ఈల అక్కర్లేదు. ఇప్పుడు డెబ్బై ఒకటి. మేమున్న భవనంలోనే ఆవిడ మూడో అంతస్తులో, నేనూ మా ఆవిడా కింద. రోజూ పొద్దున్నే మూడో అంతస్తు నుంచి నా చొక్కా మీద, నా నడక మీద, నా బద్ధకం మీద వ్యాఖ్యానం వినబడుతుంది. యాభై ఎనిమిదేళ్ళవాడిని, గుండీ సరిగ్గా పెట్టుకున్నానో లేదో వీధంతటికీ తెలుస్తుంది. మా ఆవిడ చెవులు మూసుకుని నవ్వుకుంటుంది. ఆ తిట్లు లేకపోతే నాకు తెల్లారినట్టే ఉండదని మా ఆవిడకు తెలుసు.

జబ్బని తేలిన రోజు అక్క తలుపు వేసుకుని లోపలి నుంచి అరిచింది: “ఎవరూ పైకి రాకండి. వస్తే కాళ్ళు విరగ్గొడతా!” మా ఆవిడ భోజనం గుమ్మం ముందు పెట్టి కిందికొచ్చి కేకేస్తే, అప్పుడు తలుపు తెరుచుకునేది. లెక్క ప్రకారం అక్క నంబరు ఫోన్ల గదికి వచ్చింది, రైట్‌రైట్ జాబితాలో పడింది. నేను మార్పించలేదు. నగరం పని నగరం పద్ధతిలోనే జరగాలనుకున్నాను. కానీ రోజూ పదకొండింటికి, ఏదో పనున్నట్టు అటు వెళ్ళి, ఆ రిజిస్టరులో మా అక్క వరస చూసుకునేవాణ్ణి. మొదటి రోజు లేదు. రెండో రోజు లేదు. మూడు, నాలుగు, లేదు. ఆ ‘లేదు’ ఎంత ముద్దుగా కనిపించేదో చెప్పలేను.

అయిదో రోజు కూడా లేదు. నిశ్చింతగా టీ తెచ్చుకుని కూర్చున్నాను. రైట్‌రైట్ వచ్చి సుద్దగీత దగ్గర నిలబడింది.

“సార్, మీ అక్కగారికి ఒకసారి మీరు ఫోన్ చెయ్యండి.”

“ఎందుకు? లేదని రాశావుగా.”

“ఆవిడ లేదన్నారు, నేను రాశాను. మీరు చెప్పినట్టే శుభ్రంగా రాశాను.” దెప్పిపొడుపు నాకు తగలాల్సిన చోటే తగిలింది. “కానీ నిన్నటిదాకా నన్ను ఏకిపారేసేవారు సార్. ఆలస్యంగా చేశావనీ, నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు మాట్లాడుతున్నావనీ, వీపు నిటారుగా పెట్టి కూర్చో అనీ. ఫోన్లో నా వీపు ఎట్లా కనపడిందో నాకు తెలీదు. ఇవాళ మాత్రం ‘ఇబ్బందేం లేదమ్మా, నీకు శ్రమ’ అన్నారు.”

“ఏమందీ?”

“నీకు శ్రమ అన్నారు సార్.”

మా అక్క ఈ జన్మలో ఎవరితోనూ ఆ మాట అనలేదు. శ్రమ పడితే తప్ప మనిషి బాగుపడడని ఆవిడ నమ్మకం. టీ అక్కడే వదిలేసి ఫోను ఎత్తాను.

“అక్కా, ఎలా ఉంది?”

“బాగానే ఉందిరా.”

“ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది...” అనబోయి నాలుక కరుచుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది.

“ఇబ్బందేం లేదు. నీకు... పనుంటుంది. పెట్టెయ్.”

పెట్టెయ్యమన్న మాట కూడా మెత్తగా అంది. ఏం చెయ్యాలో తోచక రైట్‌రైట్ వైపు చూశాను. ఆవిడ చెయ్యి ఊపుతూ, గొంతు తగ్గించి, “ఏదన్నా చెప్పించండి. పొడుగ్గా. ఆవిడకిష్టమైంది” అంది.

మా అక్కకు ఇష్టమైంది ఒకటే ఉంది. నన్ను మొదటిసారి బడిలో చేర్చిన రోజు కథ. ఏ పదిమంది కూడినా, నేను కాస్త పెద్దమనిషిలా కూర్చున్నానంటే చాలు, ఆవిడ అది మొదలుపెడుతుంది. నేను బడి గేటు పట్టుకుని వేలాడడం, ఆవిడ ఒక్కో వేలూ విడదీయడం, ఇటు విడదీస్తే అటు పట్టుకోవడం, చివరికి తుప్పు పట్టిన గేటు ఊడి నాతోపాటు రావడం, హెడ్మాస్టరు వచ్చి ముందు గేటును పరామర్శించడం. అభినయంతో సహా పావుగంట పడుతుంది. నా పెళ్ళిలో చెప్పింది. నాకు ప్రమోషనొచ్చిన రోజు మా ఆఫీసుకొచ్చి మరీ చెప్పింది.

“అక్కా, ఇక్కడొకావిడ నన్ను బడిలో చేర్చిన కథ అడుగుతోంది. నాకు సరిగ్గా గుర్తు లేదు. నువ్వు చెప్పు.”

ఫోను స్పీకరులో పెట్టాను. అవతల ఒక చిన్న నవ్వు. తర్వాత మొదలుపెట్టింది.

“వీడు...” ఆగింది. “గేటు...” మళ్ళీ ఆగింది. ఆ మధ్యలో ఈల లాంటి సన్నని చప్పుడు వినిపించింది. “గేటు పట్టుకుని... వదల్లేదమ్మా... నేను...” ఈసారి చాలాసేపు ఆగింది.

“తర్వాత చెప్తాలేరా” అంది.

ఆ కథను మా అక్క మధ్యలో ఆపడం నేనెన్నడూ ఎరగను. నా ఎదురుగా రైట్‌రైట్ వేళ్ళు లెక్కపెడుతూ ఉంది. ఆరు మాటలకు అయిదుసార్లు ఆగింది. నా చేతిలో ఫోను ఉండగానే ఆవిడ ఇంకో ఫోనులో డాక్టరమ్మను పిలిచేసింది.

నేను ఇల్లు చేరేసరికి అంబులెన్సు వాకిట్లో ఉంది. తెల్లటి ముసుగుల్లో ఇద్దరు మనుషులు అక్కను కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించారు. దగ్గరికి వెళ్ళడానికి లేదు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని లాగి ఉంచింది. అక్క నన్ను చూసింది. నా చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది, చూసి కూడా ఏమీ అనలేదు. అన్నన్ని తిట్లు తిన్నవాణ్ణి, ఆ ఒక్క తిట్టు లేకపోయేసరికి వీధిలో నిలబడి పసివాడిలా ఏడ్చాను.

“ఇంకో రోజు ఆగి ఉంటే మన చేతుల్లో ఉండేది కాదు” అంది డాక్టరమ్మ మధ్యాహ్నం ఫోనులో. తర్వాత, “ఇంకా ఎంతమంది ఇలా ఉన్నారంటారు?” అని అడిగింది.

అది నన్నడిగిన ప్రశ్నే. నేను ఫోన్ల గదికి తిరిగి వెళ్ళి, నలభై మంది ముందు నిలబడి, “నాలుగో ప్రశ్న రాసింది నేను. అది తప్పు. తప్పని ఈవిడ చెబితే నేను వినలేదు” అన్నాను. చెప్పడం అనుకున్నంత కష్టంగా లేదు. రైట్‌రైట్ తల వంచుకుని బల్ల మీది రాయిని అటూ ఇటూ జరుపుతోంది. “మీరు చెప్పండి, నేను రాసుకుంటాను” అన్నాను.

ఆవిడ చెప్పింది, నేను రాశాను, ఒక్క అక్షరం దిద్దకుండా. ‘పొద్దున లేచినప్పట్నుంచీ ఏమేం చేశారో చెప్పండి.’ దాని కింద అడిగేవాళ్ళకు సూచన: మధ్యలో అడ్డం రాకండి, మాటకూ మాటకూ మధ్య ఎన్నిసార్లు ఆగారో లెక్కపెట్టండి, నిన్నటికీ ఇవాళ్టికీ మనిషిలో ఏం తేడా ఉందో అంచుల్లో రాయండి. ఉంది, లేదు అన్న గడులు తీసేశాం. అప్పటికప్పుడు ‘లేదు’ అన్నవాళ్ళందరికీ మళ్ళీ ఫోన్లు చేశారు. సాయంత్రం అయిదయ్యేసరికి పదకొండు మందిని ఆసుపత్రికి తరలించారు. ఆ పదకొండు మందీ పొద్దున నా ప్రశ్నకు ఇబ్బందేం లేదని మర్యాదగా జవాబిచ్చినవాళ్ళే.

దాంతో మా పని రెండింతలైంది. పొద్దున లేచినప్పట్నుంచీ ఏం చేశారని అడిగితే జనం చెబుతారు గదా! ఒకాయన తన కుళాయి ఎన్నిసార్లు కారిందో చెప్పాడు. ఒకావిడ పక్కింటి పిల్లి తన కిటికీలోకి ఎట్లా చూస్తుందో చెప్పి, పిల్లి మనసులో మాట కూడా చెప్పింది. ఒక రిటైర్డు లాయరు రేపు ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసిపెట్టుకుంటున్నానన్నాడు. నలభై బల్లలు చాలక ఇంకో ఇరవై వేశారు. నేనూ ఒక బల్ల దగ్గర కూర్చున్నాను. ఇన్నేళ్ళూ నగరానికి నేను చెబుతూ వచ్చాను, నగరం నాకు చెప్పడం అదే మొదలు. ఎన్ని వ్యాకరణ దోషాలో! ఒక్కటీ దిద్దబుద్ధి కాలేదు.

అక్క మాత్రం వెంటనే కోలుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. “ఆవిడ మిమ్మల్ని అడుగుతున్నారు. ముక్కుకు గొట్టం ఉంది, ఎక్కువ మాట్లాడనివ్వకండి” అని ఫోను అక్క చెవి దగ్గర పెట్టింది.

కాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. తర్వాత, “చిన్నోడా” అంది. “భయంగా ఉందిరా.”

యాభై రెండేళ్ళలో మా అక్క నోట నేను వినని మాట అది. ధైర్యం చెప్పే మాటలు నాకు బోలెడు వచ్చు, ఊరంతటికీ రాసిచ్చినవాణ్ణి. అవన్నీ పక్కన పెట్టి, “నాకూ భయంగానే ఉందక్కా” అన్నాను. “నువ్వేం మాట్లాడకు. నేను మాట్లాడుతుంటాను, విను.”

ఆ బడి కథే మొదలుపెట్టాను. పక్క బల్లలవాళ్ళంతా వింటున్నా లెక్కచెయ్యలేదు. గేటు దగ్గరికి వచ్చాను, వేళ్ళు విడదీయించాను, హెడ్మాస్టరును రప్పించాను. అంతలో నర్సు ఫోను తీసుకుంది.

“సార్, ఆవిడ కాదు కాదని తల ఊపుతున్నారు. ఏదో తప్పు చెప్పారట మీరు.”

“ఏం తప్పు?”

నర్సు అటు తిరిగి అడిగి, ఇటు వచ్చి చెప్పింది. “హెడ్మాస్టరు కాదట, ముందు ప్యూను వచ్చాడట. మొదట్నుంచీ సరిగ్గా చెప్పమంటున్నారు.”

మొదట్నుంచీ చెప్పాను. మర్నాడు కూడా చెప్పాను. రోజూ మధ్యాహ్నం మూడింటికి నర్సు ఫోను చేసేది, నేను రోజూ ఏదో ఒకటి కావాలనే తప్పు చెప్పేవాణ్ణి. తల ఊపుతున్నారా అని అడిగేవాణ్ణి. ఊపుతున్నారు అనేది. ఆరో రోజున నర్సు ఫోను చెవి దగ్గర పెట్టకముందే, గొట్టం వెనక నుంచి బొంగురు గొంతు వినిపించింది: “వీడికి ఏదీ... సరిగ్గా రాదు.” నేను ఫోను బల్ల మీద పెట్టి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాను. రైట్‌రైట్ గీత దాటి వచ్చి, మళ్ళీ గుర్తొచ్చి వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచే “రైట్ సార్, రైట్” అంది.

పంతొమ్మిదో రోజున అక్కను ఇంటికి పంపించారు. బట్టలు వదులైపోయి, మెడ సన్నబడి, సగమైంది. మా భవనానికి లిఫ్టు లేదు. కింద మా ఇంట్లోనే ఉండమని నేనూ, మా ఆవిడా బతిమాలాం. వినలేదు. నా ఇంట్లో నా మంచం మీద పడుకుంటానంది. సంచీ నేను పట్టుకుని ముందు నడిచాను. మొదటి అంతస్తు వరకు ఆవిడ చెయ్యి కూడా పట్టుకోనివ్వలేదు. వీపు నిటారుగా పెట్టి, మెట్టు మెట్టుకూ రెండు కాళ్ళూ ఆనించి ఎక్కింది. నేను వెనక్కి తిరిగి చూస్తే కసురుకుంది. రెండో అంతస్తు సగం మెట్ల దగ్గర వెనక అడుగుల చప్పుడు ఆగింది.

తిరిగి చూశాను. గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఎలా ఉందని అడగబోయి నోరు మూసుకున్నాను. ఏ మాటతో అడగాలో నాకింకా తెలియదు.

“ఆగరా” అంది తనంతట తనే. “ఆయాసంగా ఉంది.”

అని, అక్కడే మెట్టు మీద కూర్చుంది. నేను రెండు మెట్ల పైన సంచీ పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపైనా కూర్చోవచ్చు, మాకేం తొందర లేదు.